అడుగ నేర్చిన వైద్యులు

ఈ శీర్షికక్రింద మేము సాధారణముగా పసిపిల్లల జ్వరములను గుఱించియు, త్రాగునీటి పరిశుభ్రతను గుఱించియు వ్రాయుచుందుము. ఈ మాసము ప్రస్తావింపబోవు విషయమును చూచి కొందఱు సోదరీమణులు పుట త్రిప్పివేయుదురేమో యను శంక మాకు లేకపోలేదు. త్రిప్పవలదని మా ప్రార్థన. స్త్రీపురుష సంసర్గమువలన నంటుకొను వ్యాధులను, హెచ్‌.ఐ.వి. యను సూక్ష్మజీవివలన కలుగు వ్యాధిని చికిత్స చేయుటకు వైద్యులకు ప్రత్యేకమైన శిక్షణ యొకటి కలదు. ఆ శిక్షణ యెట్టిది, దానిని పొందిన వైద్యునకును పొందని వైద్యునకును గల భేదమేమి, ఆ భేదముతో ఇల్లాండ్రకు పనియేమి యనునదియే నేటి ప్రసంగము.

మన పెద్దలు ఈ రోగములను కొరుకనియు, సవాయి యనియు, సెగ యనియు పిలిచిరి. పేళ్లున్నవే గాని, వానిని ఇంటిలో పైకి పలికినవారు లేరు. శిష్టభాషలో వీనికి సుఖరోగములని వ్యవహారము. ఈ నామకరణము చేసిన మహానుభావుడెవ్వరోగాని తప్పక పురుషుడై యుండును. భర్తవలన సంక్రమించిన వ్యాధితో పొత్తికడుపు నొప్పిని పదియేండ్లు భరించిన యిల్లాలికి అందు సుఖమేమున్నదో మాకు బోధపడదు.

మన దేశమున ఎం.బి.బి.యస్‌. పట్టమును పొందిన పిదప మఱి మూడేండ్లు చదివి ఎం.డి. పట్టమును పొందినవారు ఈ శాఖలో నిపుణులగుదురు. శాఖ పేరు పొడవైనది: చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు. విశాఖపట్టణమున 1923లో నెలకొన్న ఆంధ్ర వైద్యకళాశాలయందును, గుంటూరునందును, హైదరాబాదులోని ఉస్మానియా కళాశాలయందును ఈ శాఖ కలదు. మదరాసు వైద్యకళాశాలలో సుఖవ్యాధులకే ప్రత్యేకముగా నొక సంస్థ చిరకాలమునుండి ప్రసిద్ధి కెక్కినది. మూడు వ్యాధులను ఒక్కచోట చేర్చుటకు తగిన హేతువున్నది. సవాయి మొదట నొప్పిలేని పుండుగా బయలుదేరి తానే మానిపోవును. కొన్ని వారములకు ఒడలిపై మచ్చలుగా తోచును. అవి యరచేతులలోను అరికాళ్లలోను గూడ కనబడును, సామాన్యముగా దురద యుండదు. చర్మమును చదువనేర్చిన కన్ను దానిని పట్టుకొనగలదు. తక్కినవారు వేడి చేసినదని మజ్జిగ త్రాగుమందురు.

అయితే ఈ ముగ్గురు తోబుట్టువులలో పట్టుచీర దక్కుచున్నది చర్మమునకు మాత్రమే. మొగముమీది మచ్చలు పోగొట్టుటలోను, రాలిన జుట్టు మొలిపించుటలోను ధనమును పేరును కలవు. సెగకు మందిచ్చుటలో రెండును లేవు. అందుచేత పెక్కుమంది విద్యార్థుల మనస్సు సౌందర్యచికిత్సపైకే పోవుచున్నది. వారిని మేము నిందింపము. కాని ప్రభుత్వ ధనముతో మూడును నేర్చినవారు ఒకదానినే యాచరించుట దేశమునకు లాభకరము కాదని మాత్రము చెప్పక తప్పదు.

ఈ శిక్షణలో మొట్టమొదటి పాఠము మందులను గుఱించినది కాదు, ప్రశ్నలను గుఱించినది. జ్వరముతో వచ్చిన రోగిని ఎన్నాళ్లనుండి యని యడుగుట సులభము. నీవు ఎవరితో సంసర్గము చేసితివి, కడపటిసారి యెప్పుడు, తొడుగు వాడితిరా, నీ భర్తకు వేఱు సంబంధము కలదని నీకెప్పుడైన ననుమానము కలిగినదా యని యడుగుట సులభము కాదు. అందుచేత విద్యార్థులు దానిని అభ్యసింతురు. ఒకరు వైద్యుడుగను, మఱియొకరు రోగిగను కూర్చుండి నాటకమువలె నడపుదురు. గురువు ప్రక్కనుండి తప్పులను సవరించును. తలుపు మూయవలెను. రోగి వస్త్రములు ధరించి, సరిసమానముగా కుర్చీలో కూర్చున్నప్పుడే యడుగవలెను, పరీక్షబల్లపై పండుకొనబెట్టి యడుగరాదు. కూడ వచ్చిన అత్తగారిని, వదినెగారిని, భర్తను గూడ మర్యాదగా బయట కూర్చుండబెట్టవలెను. ఈ ప్రశ్నలు ఇచ్చటికి వచ్చు ప్రతివారిని అడుగునవేయని ముందుగా చెప్పవలెను. వితంతువనియు, వృద్ధురాలనియు, పెండ్లికానిదనియు ఏ ప్రశ్నను విడిచిపెట్టరాదు. పురుషునకు పురుషునితోనే సంబంధముండవచ్చును గనుక ముందే యేదియు నూహించుకొనరాదు. సమాధానము విన్నప్పుడు కనుబొమ్మ కదలరాదు. ఈ చివరి నియమము అన్నిటికంటె కష్టమైనదని మేమెఱిగిన వైద్యురాండ్రు చెప్పుదురు.

మాటలు గూడ నేర్వవలసియున్నది. వైద్యగ్రంథములలోని యాంగ్లపదములు పల్లెటూరి యిల్లాలికి తెలియవు. ఆమె తెల్లబట్ట యనును, నడుము నొప్పి యనును, నీరసమనును. తెల్లబట్టకు కారణము పదివిధములు, అందు కొన్ని రోగములే కావు. ఏది రోగమో ఏది కాదో తెలిసికొనుటకు ఆమె చెప్పదలచుకొన్నదానిని ఆమె మాటలలోనే వినవలెను. ఆ పిదప మఱియొక స్త్రీ దగ్గఱనుండగా, ఆమె యనుమతితో పరీక్ష చేయవలెను. పుండునుండి తీసిన రసికను నల్లని నేపథ్యముగల సూక్ష్మదర్శినిలో చూచుట యీ శాఖలోని పాతవిద్య. 1905లో జర్మనీలో షౌడిన్‌, హాఫ్‌మన్‌ అను నిరువురు కనుగొన్న సవాయిక్రిమి అందులో వెండితీగను మెలిపెట్టినట్లు తిరుగుచు కనబడును.

ఇంత సౌమ్యముగా నడుగవలెనని వైద్యలోకము తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. 1868లో ఆంగ్లప్రభుత్వము మన దేశమున నంటువ్యాధుల చట్టమొకటి చేసినది. సిపాయిలకు ఈ రోగములు రాకుండ జేయుట దాని యుద్దేశము. అందుకై వేశ్యలను పట్టికలో వ్రాసికొని, బలవంతముగా పరీక్షించి, రోగమున్నవారిని లాక్‌ ఆసుపత్రులను చోట్ల నిర్బంధించిరి. సిపాయిని మాత్రము పట్టికలో వ్రాసినవారు లేరు. పరీక్షకు వెఱచి స్త్రీలు పారిపోయిరి, దాగిరి. ఇంగ్లాండులో నిట్టి చట్టమునకు విరోధముగా జోసఫీన్‌ బట్లరు అను నామె యేండ్లతరబడి యుద్యమము నడపగా అచ్చట 1886లోను, ఇచ్చట 1888లోను అవి రద్దయ్యెను. అటుపిమ్మట బ్రిటనువారే దారి మార్చుకొనిరి. 1913లో నియమింపబడిన రాజసంఘము 1916లో తన నివేదిక నీయగా, ఆ యేటినుండి ఊరూర నుచిత చికిత్సాలయములు వెలసెను. రోగి రహస్యమును కాపాడుట అచ్చట నియమము. పేరునకు బదులు సంఖ్యతో పిలుచు నలవాటు గూడ నట్లేర్పడినది. 1917లో చేసిన చట్టము పట్టములేనివారు ఈ రోగములకు మందిచ్చుటను, ప్రకటనలు చేయుటను నిషేధించినది. మన యూళ్ల గోడలమీదను, రైలుకట్టల ప్రక్కను నేటికిని కనబడు గుప్తరోగ ప్రకటనలను చూచినప్పుడెల్ల మాకు ఆ చట్టము స్ఫురించును. లండనునందు మూలికలు నూఱి యమ్మువారి సంఘముగా 1617లో నేర్పడిన అపాతికరీల సంఘము ఈ శాఖలోను, హెచ్‌.ఐ.వి. వైద్యములోను వేర్వేఱు పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రములిచ్చుచు వచ్చినది. మందుకొట్టువారినుండి నిపుణపరీక్ష వఱకు ఎంత దూరము!

ఇక మన స్త్రీల విషయమున నసలైన చిక్కును చెప్పెదము. పురుషునకు సెగ తగిలిన కొలదిదినములలోనే మంట, చీము కనబడును, అతడు వైద్యునికొఱకు పరుగెత్తును. స్త్రీలలో సగమునకు మించినవారికి సెగగాని, దానికి చెల్లెలివంటి క్లమీడియా గాని ఏ గుఱుతును చూపదు. గర్భాశయ ముఖమున చేరి, మెల్లగా పైకెక్కి, అండవాహికలను పాడుచేయును. కొన్నేండ్లకు పిల్లలు కలుగలేదని తెలియును. అప్పుడు గొడ్రాలను పేరు ఎవరికి వచ్చునో చెప్పనక్కఱలేదు. నోములు నోచుట, తీర్థములు తిరుగుట, చివరకు మఱియొక పెండ్లి ప్రస్తావన. రోగమును తెచ్చినవాడు పెండ్లిపీటలపై కూర్చుండును.

ప్రయోగశాలలు లేని చోట్లకై ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఒక యుపాయము చెప్పిరి. రోగలక్షణమునుబట్టి, దానికి కారణము కాదగిన సూక్ష్మజీవులన్నిటికిని ఒక్కసారే మందిచ్చుట. మన దేశమున జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థవారు దీని ననుసరించి రంగురంగుల మందుపొట్లములను సిద్ధపఱచిరి. బూడిదరంగుది సెగకును క్లమీడియాకును, ఆకుపచ్చది యోనిస్రావమునకు, తెల్లది పుండునకు, పసుపుపచ్చది పొత్తికడుపు నొప్పికి, ఇట్లు ఏడు కిట్లు. సురక్షా క్లినిక్కులని పేరుపెట్టి ప్రభుత్వాసుపత్రులలో వీనిని ఉచితముగా నిచ్చిరి. పురుషుని చీమునకు, పుండ్లకు ఈ పద్ధతి చక్కగా పనిచేసినది. స్త్రీల తెల్లబట్ట విషయమున నంతగా పనిచేయలేదు. రోగము లేనివారికి మందు దొరకెను, రోగముండి లక్షణము లేనివారు క్లినిక్కు గడపయే త్రొక్కలేదు. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సాధ్యమైన చోటనెల్ల ప్రయోగశాలపరీక్ష చేసియే మందీయవలెనని చెప్పుటకు కారణమిదియే. శిక్షణ పొందిన వైద్యుడు కిట్టు రంగుతో తృప్తిపడడు. భర్తకు మంట యున్నదా యని యడుగును. ఆ యొక్క ప్రశ్న యొకానొకప్పుడు స్త్రీకి సంతానభాగ్యమును నిలబెట్టును.

క్లమీడియాకు నేడు వాడు డాక్సీసైక్లిను అను మందు టెట్రాసైక్లినుల కుటుంబములోనిది. ఆ కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిను 1948లో లోకమునకు తెలిసినప్పుడు, అమెరికాలో దానిని కనుగొన్న లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షుడుగా నున్నవారు భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన ఆ యేటనే కాలధర్మము నొందిరి. తెలుగుబిడ్డ నీడలో పెరిగిన మందు తెలుగుయింటికి చేరుటకు ఒక ప్రశ్న యడ్డమగుట విచారకరము.

గర్భిణీస్త్రీల విషయము మఱింత ముఖ్యము. సవాయి తల్లి రక్తమునుండి శిశువునకు చేరును. గర్భస్రావమగుట, మృతశిశువు పుట్టుట, పుట్టిన బిడ్డ రోగముతో నుండుట దాని ఫలితములు. వరుసగా గర్భము నిలువకున్న నాగదోషమని శాంతులు చేయించిన కుటుంబములలో, ఒక రక్తపరీక్షతో తేలిపోవలసినది తేలక పోయినవి ఎన్నియో యుండును. 1943లో అమెరికాలో మహోనీ అను వైద్యుడు పెన్సిలినుతో సవాయిని కుదిర్చిన నాటినుండి దీనికి భయపడవలసిన పనిలేదు. తొలిదశలోనిదైన 24 లక్షల యూనిట్ల బెంజథీను పెన్సిలిను సూది ఒక్కటి చాలును, పాతబడినదైన వారమునకొకటి చొప్పున మూడు. కడుపులోని శిశువును గూడ రక్షించునని రుజువైన మందు ఇదియొక్కటే. కాని యది ప్రసవమునకు నెలదినములకు ముందైనను పడవలెను. అందుచేత గర్భము తెలిసిన వెంటనే పరీక్ష. శిక్షణలేనివారు ఇచ్చట చేయు పొరపాటు, తల్లికి సూది వేసి తండ్రిని మఱచుట. నెల తిరుగకమునుపే ఆమెకు మరల నంటుకొనును.

హెచ్‌.ఐ.వి. కథ మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గఱి కథ. 1986లో మదరాసు వైద్యకళాశాలలో సూక్ష్మజీవశాస్త్రాచార్యురాలుగా నున్న డాక్టరు సునీతి సోలొమన్‌గారు తన శిష్యురాలిచేత కొందఱు స్త్రీల రక్తమును సేకరింపజేసి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు పంపిరి. వేశ్యావృత్తిలో నున్నారని పట్టుకొని యొక గృహమున నుంచిన స్త్రీలు పెక్కురు వారిలో నుండిరి. ఆఱుగురి రక్తమున వ్యాధి కనబడెను. మన దేశమున దీని యునికి తెలియుట అదియే ప్రథమము. సునీతిగారు చదివినది సూక్ష్మజీవులను గుఱించి. ఈ రోగులకు చికిత్స యెట్లు చేయవలెనో, వారితో నేమి మాటాడవలెనో రోగులయొద్దనే నేర్చికొనవలసివచ్చెను. 1993లో ఆమె స్థాపించిన వై.ఆర్‌.జి. కేర్‌ అను సంస్థలో పరీక్షకు ముందును పిదపను రోగితో తీరికగా మాటాడు పద్ధతిని నిలిపిరి. ఆమె 2015లో పరమపదించిరి. 2017లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదు నిచ్చినది.

ఆ సంస్థకు వచ్చిన స్త్రీలను గుఱించి 2000వ సంవత్సరమున నొక పరిశోధనము ప్రకటింపబడెను. వ్యాధిగల స్త్రీలలో నధికసంఖ్యాకులు గృహిణులు, భర్తను తప్ప నన్యుని ఎఱుగనివారు. దీనిని మా పాఠకురాండ్రు రెండుమాఱులు చదువవలెనని కోరుచున్నాము. ఆ దశకమున దేశమునందెల్ల నీ వ్యాధి మిక్కుటముగా నున్న రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ మొకటి. మంచి నడవడియే కవచమని తలచిన యిల్లాండ్రు తమకు పరీక్ష యక్కఱలేదనుకొనిరి, వైద్యులును వారిని పరీక్షకు పొమ్మని చెప్పుటకు సంకోచించిరి. ఇద్దఱి మర్యాదయు కలిసి కాలమును హరించెను.

నేడు పరిస్థితి మారినది. 2004 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రభుత్వాసుపత్రులలో మందు లుచితము. 2017నుండి రక్తములో రక్షకకణములు తగ్గువఱకు వేచియుండక, వ్యాధి తేలినవారికందఱికిని ప్రారంభించుచున్నారు. దినమునకొక మాత్ర, జీవితాంతము. ఇట్టి మాత్రలను హైదరాబాదు కంపెనీలు తయారుచేసి ఆఫ్రికాఖండమునకు గూడ పంపుచున్నవి. దంపతులలో నొకరికి వ్యాధియుండి మఱియొకరికి లేని 1763 జంటలను తొమ్మిది దేశములలో పరీక్షించిరి, మన దేశమున చెన్నైలోను పుణెలోను. ముందుగా మందు ప్రారంభించుటవలన రెండవవారి కంటుట నూటికి 96 పాళ్లు తగ్గినదని 2011లో తెలిసెను. రక్తపరీక్షలో వైరసు కనబడనంతగా నణగినచో సంసర్గమువలన నంటదని అటుపిమ్మటి పరిశోధనములు స్థిరపఱచినవి. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు నూటికి 15 మొదలు 45 వఱకు వ్యాధి చేరును. చికిత్సయున్న 5 కంటె తక్కువకు దిగును. అట్టి తల్లులు ఆరోగ్యవంతులైన బిడ్డలను కనుచున్నారు.

అయినను వ్యాధి కలదని తెలిసి, కాన్పుచేయక మఱియొక యాసుపత్రికి పొమ్మన్న వృత్తాంతములు మన చెవిని బడుచునే యున్నవి. ఇది క్రూరత్వమనుటకంటె శిక్షణాలోపమనుట మేలు. రోగికి గ్రుచ్చిన సూది వైద్యునకు గ్రుచ్చుకొన్నచో హెచ్‌.ఐ.వి. సోకుట వేయింట మూడుమాఱులు. టీకా వేసికొననివారికి కామెర్ల వైరసు, అనగా హెపటైటిసు బి, నూటికి 30 వఱకు సోకవచ్చును. దానికి వెఱవనివారు దీనికి వెఱచుట వింత. గ్రుచ్చుకొన్నను 72 గంటలలోపల, వీలైనంత త్వరగా మందు ప్రారంభించి 28 దినములు వాడిన రక్షణ కలుగును. శిక్షణలో వైద్యులకేగాక నర్సులకును, కౌన్సెలర్లకును, రక్తము తీయువారికిని ఈ లెక్కలు చెప్పి, ప్రతిరోగి రక్తమును ఒకే జాగ్రత్తతో ముట్టుట నేర్పుదురు. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10నుండి అమలుజరుపుచున్న చట్టముప్రకారము వ్యాధి కారణముగా చికిత్స నిరాకరించుట నిషిద్ధము. ఎఱుకతో నిచ్చిన యనుమతి లేనిదే పరీక్షింపరాదు, ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు. అత్తవారికి ముందుగా చెప్పి, కోడలికి పిదప చెప్పు నలవాటు ఆ చట్టముముందు నిలువదు.

పరీక్ష చేయించుకొనదలచిన సోదరీమణులు ప్రభుత్వాసుపత్రిలోని ఐ.సి.టి.సి. యను కేంద్రమునకు పోవచ్చును. రుసుము లేదు. 1097 అను టెలిఫోను సంఖ్యకు ఉచితముగా మాటాడి, ముందుగా తెలిసికొనవలసినవి తెలిసికొనవచ్చును. వైద్యుడు మిమ్ము నేమియు నడుగక చీటి వ్రాసియిచ్చినచో, అయ్యా, మా వారికి గూడ మందు వలదా యని మీరే యడుగుడు. ఈ ప్రశ్నకు చిరాకుపడు వైద్యుని విడిచి వేఱొకరిని వెదకుట తప్పుకాదు. క్లమీడియావంటివానికి దంపతులిద్దఱును ఒకేసారి మందు వాడి, ముగిసిన పిదప గూడ ఏడు దినములు దూరముగా నుండవలెను. సుమారు మూడు మాసములకు మరల పరీక్షకు రమ్మందురు. అప్పటికి బాధ తీరియుండును గనుక పోవువారు తక్కువ. ఆ తేదీని గోడమీది పంచాంగమున గుఱుతు పెట్టుకొనుడు. ఎందుకని యెవరైన నడిగిన, దంతవైద్యుని యొద్దకని చెప్పినను దోషము లేదు.